గోడకు ఆనని కప్పు

సూర్యాపేట,
ఉగాది వెళ్లిన వారం.

ప్రియమైన అత్తమ్మ గారికి,

వీరేందర్ నమస్కారాలు. అల్లుడు ఉత్తరం రాయడమేమిటని కంగారు పడకండి. ఇక్కడ అందరం బాగున్నాం. నేను మీకు ఉత్తరం రాస్తున్నానని తెలిసి కరుణ కడుపు పట్టుకుని నవ్వుతోంది, అంత బాగున్నాం.

మా పెళ్లయి ఇన్నేళ్లయినా మీరు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అల్లుడి ఎదుట అత్త నిలబడకపోవడం మీ ఇంటి పద్ధతి, నేను తప్పు పట్టడం లేదు. ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పక్కగది పుష్పాబాయి చేతికి ఇచ్చేస్తారు. పోనీ కరుణతో చెప్పిద్దామంటే ఆమె నా మాటకు బెల్లం పూసి అటు చెబుతుంది, మీ మాటకు కోరలు పీకి ఇటు చెబుతుంది. మొన్న నేను "మీ అమ్మను ఇక్కడికే వచ్చెయ్యమను" అంటే, అది మీ దగ్గరికి "వీలైతే నాలుగు రోజులు వచ్చిపో" అని చేరింది. కాగితం మధ్యలో మాట మార్చదు కదా అని రాస్తున్నాను.

మిర్యాలగూడ దవాఖానలో మీరు కొంగు ముందుకు లాక్కుని కూర్చున్నారు, నేను తలుపు దగ్గర నిలబడ్డాను. డాక్టరు చెప్పింది ఇద్దరమూ విన్నాం. "మిల్లు దుమ్ము ఊపిరితిత్తులల్ల కూసున్నదమ్మా, ఇగ పోదు. మూసిన రూముల పండుకోవద్దు, గాలాడాలె. అట్లని మంచుల, వానల పండుకునేరు, ఇంకా ఖరాబైతది" అన్నాడు. మీ గదికేమో ఉన్నది ఒక్క తలుపు. కిటికీ తెరిస్తే మిల్లుల ఊక బూడిద వచ్చి పక్క మీద పడుతుంది. పోయిన చలికాలం మీరు పడుకోకుండా గోడకు ఒరిగి కూర్చునే గడిపారని పుష్పాబాయి చెప్పింది. ఈ చలికాలం అట్లా జరగనివ్వను. అసలు సంగతి ఇదే.

మా వంటింటి వెనక పెరడు ఖాళీగా ఉంది. బట్టలుతికే బండ, నీళ్ల డ్రమ్ము తప్ప ఏమీ లేవు. అక్కడ రేకుల కప్పు వేయిస్తాను. గోడలుండవు, చుట్టూ దోమతెర కడదాం. పైన కప్పు, పక్కల గాలి, డాక్టరు అడిగింది అదే కదా. అంతా ఒక్కసారి చేయించే తాహతు నాకు లేదు. కమీషన్ దుకాణం గుమాస్తాను, మార్కెట్‌కు వడ్లు వస్తేనే నా చేతికి నాలుగు రాళ్లు వస్తాయి. అందుకే ఇప్పుడు స్తంభాలు, యాసంగి వడ్లు అయిపోయాక పైన ఇనుప చట్రం, దసరాకు రేకులు. మంచు మొదలయ్యేలోపు మీ మంచం దాని కింద ఉండాలి. ఇంటి వైపు వంటింటి గోడకే ఆనిస్తే రెండు స్తంభాలతో సరిపోతుందని వెల్డింగ్ పరశురాములు చెప్పాడు. మీరు ఊఁ అంటే గుంతలు తవ్విస్తాను.

మీ జవాబు కోసం చూస్తూ,
మీ అల్లుడు
వీరేందర్


మిర్యాలగూడ,
చైత్రమాసం.

అల్లుడు గారికి,

ఆండాలు ఆశీర్వదించి రాయునది. మీ ఉత్తరం అందింది. పుష్పాబాయి కవరు చూసి, "అల్లుడు ఉత్తరం రాసిండంటే బిడ్డతోని లొల్లి అయినట్టే" అని గుండె బాదుకుంది. నేను చదివి వినిపించాక కళ్లు తుడుచుకుని పోయింది. ఆమెకు ఏడవడానికి వంక కావాలి, మీరు పట్టించుకోకండి.

డాక్టరు చెప్పింది నాకూ వినిపించింది. దుమ్ము ఊపిరితిత్తులకు పట్టింది కానీ చెవులకు పట్టలేదు.

నేను రాను. నా బిడ్డ పుట్టినప్పుడు మా అమ్మ వచ్చి పురుడు పోసి, తొట్టెల వేసిన మర్నాడు తన చెంబు తను తీసుకుని వెళ్లిపోయింది. మీ అఖిల పుట్టినప్పుడు నేనూ అంతే చేశాను. బిడ్డ ఇంటికి తల్లి కాన్పుకు వస్తుంది, శుభానికి వస్తుంది, ఉండిపోదు. ఉండిపోయినవాళ్లను మా వాడలో చూశాను. అల్లుడు ఏమీ అనడు, ఆ మాట నిజమే. బిడ్డే, తల్లి కంచంలో రెండోసారి కూర వేసేటప్పుడు మొగుడి ముఖం చూస్తుంది. నా కరుణకు ఆ చూపు రాకూడదు. వాళ్ల నాయన పోయినప్పుడు దానికి పాలపళ్లు కూడా ఊడలేదు. అప్పటి నుంచి మిల్లులో వడ్లు ఆరబోసి, తౌడు ఎత్తి దాన్ని పెంచాను, ఎవరి గోడకూ ఆనుకుని నిలబడలేదు. ఇప్పుడు మీ గోడకు ఆనుకోమంటారా?

అయినా మీరు గుంతలు తవ్వుతారని నాకు తెలుసు. మా ఆయన మొండి అని కరుణ చెప్పింది, ఆ మాట మాత్రం కోరలు పీకకుండానే చెప్పింది. కాబట్టి నా షరతు వినండి. స్తంభాలు నాలుగు ఉండాలి. కప్పు తన కాళ్ల మీద తను నిలబడాలి. మీ గోడకు, నా కప్పుకు నడుమ జానెడు సందు ఉండాలి. కింద గచ్చు కూడా ఆనకూడదు. రేకులు నేను చూసుకుంటాను. అప్పుడది మీ ఇల్లు అనిపించుకోదు, నా కప్పు అవుతుంది. అట్లా చేస్తే వస్తానని కాదు, ఆలోచిస్తాను.

ఎండలు ముదిరాయి, నెత్తిన తువ్వాల లేకుండా మార్కెట్‌కు పోకండి.

ఇట్లు,
మీ అత్త
ఆండాలు


సూర్యాపేట,
రోహిణి కార్తె.

ప్రియమైన అత్తమ్మ గారికి,

నమస్కారాలు. మీరు "ఆలోచిస్తాను" అన్న ముక్కను కరుణకు పదిసార్లు చదివి వినిపించాను. "మా అమ్మ ఆలోచిస్త అన్నదంటే సగం ఒప్పుకున్నట్టే" అంది. ఆ సగం పట్టుకునే పని మొదలుపెట్టాను.

నాలుగు స్తంభాలనగానే పరశురాములు నన్ను ఎగాదిగా చూశాడు. "గోడ ఉండంగ ఇంకో రెండు పైపులెందుకు సార్? పైసలు ఎక్కువైనయా?" అన్నాడు. మా అత్తమ్మ షరతు అన్నాను. "అత్తమ్మకు ఇంజనీరింగ్ తెలుసా?" అన్నాడు. తెలియదు, పంతం తెలుసు అన్నాను. వెంటనే టేపు తీసి కొలిచాడు. రెండు గుంతల్లో బండ తగిలింది. కూలీని పెడితే మిగిలినదంతా దానికే పోయేలా ఉందని నేనే గడ్డపార పట్టాను. కలం పట్టే చేతులు కదా, బొబ్బలెక్కాయి. దుకాణంలో సేటు నా చేతులు చూసి "ఏం వీరేందర్, పొలం కొన్నవా?" అని అడిగాడు. అత్తమ్మకు ఇల్లు కడుతున్నానని చెబితే నమ్మలేదు.

స్తంభాలు నిలబడ్డాయి. మీరు చెప్పినట్టే ఇంటి వైపు జానెడు వదిలాను. నా జానతో కొలిస్తే మీరు ఒప్పుకోరేమోనని కరుణ జానతో కొలిపించాను, అది మీ చేతి పోలికే కదా.

చట్రం మాత్రం ఇప్పట్లో కాదు. అకాల వానకు మార్కెట్‌లో వడ్లు తడిశాయి, బేరాలు పడిపోయాయి, నా రాబడీ పడిపోయింది. ప్రస్తుతానికి ఆ నాలుగు స్తంభాలకు కరుణ తాళ్లు కట్టి బట్టలు ఆరేస్తోంది. వాడకట్టంతా వచ్చి చూసి, ఏం కడుతున్నారో అర్థంకాక వెళ్తున్నారు. నాకేమీ చిన్నతనంగా లేదు. ఆలస్యమవుతుంది కానీ ఆగదు. మీరు మందులు మానకండి, ఇక్కడ మిగతాది నేను చూసుకుంటాను.

మీ అల్లుడు, ప్రస్తుతం మేస్త్రీ,
వీరేందర్


మిర్యాలగూడ,
శ్రావణం.

అల్లుడు గారికి,

ఆశీస్సులు. మీ చేతుల బొబ్బలకు కొబ్బరినూనె రాయమని కరుణకు చెప్పాను. చెప్పిందో, దానికీ బెల్లం పూసిందో తెలియదు.

రేకులు దొరికాయి. నేను పనిచేసిన మిల్లులో గోదాము పైకప్పు విప్పి కొత్తది వేస్తున్నారని తెలిసి వెళ్లాను. పాత ఇనుప రేకులు తుక్కు కింద అమ్మేస్తున్నారు. మేనేజరు "గా పాత రేకులు నీకెందుకు ఆండాలమ్మా?" అన్నాడు. "నెత్తి మీద పెట్టుకుంట" అన్నాను. వయసంతా ఆ రేకుల కిందే దుమ్ము మింగాను కదా, వాటి మీద నాకు హక్కు లేదా అని గట్టిగానే అడిగాను. తుక్కువాడి ధరకే ఇచ్చాడు. ఎండలో నిలబడి ఒక్కొక్క రేకును ఎత్తి, వెలుతురుకు పెట్టి చూసి ఏరాను. తుప్పు తిన్నవాటిని పక్కన పడేశాను. నడుమ రెండుసార్లు దమ్ము వచ్చి కూర్చోవలసి వచ్చింది, పుష్పాబాయి తిట్టింది. తిడితే తిట్టింది, మంచి రేకులు దొరికాయి.

తౌడు లోడుతో సూర్యాపేట వచ్చే లారీలో వేసి పంపుతున్నాను. కొన్నింటికి పాత మేకుల బొక్కలున్నాయి. తారు గుడ్డ అతికించమని పరశురాములుకు చెప్పండి. బొక్కలున్న అంచు వెనక వాలు వైపు రావాలి, మంచం మీదికి కాదు. ఇంజనీరింగ్ తెలుసా అని అడిగాడట కదా, ఇది కూడా చెప్పండి.

రేకులు పంపానని నేను వస్తున్నట్టు కాదు. కప్పు అయితే లేవనివ్వండి.

ఇట్లు,
ఆండాలు


సూర్యాపేట,
సద్దుల బతుకమ్మ మర్నాడు.

ప్రియమైన అత్తమ్మ గారికి,

కప్పు లేచింది!

చట్రానికి ఎర్ర రంగు నేనే వేశాను, చొక్కా రెండు పాడయ్యాయి. ఇంటి వైపు ఎత్తు, వెనక వాలు. నేల మీద గచ్చు పోయించాం. కరుణ కింద నిలబడి పైకి చూసింది. "ఈ రేకుల కిందనే మా అమ్మ పుట్టి పెరిగింది, ఇప్పుడవి మన ఇంటికొచ్చినయ్" అంది. మీరు వాటి కింద పనిచేశారే కానీ పుట్టి పెరగలేదు, సంతోషంలో అంతా కలిపేసింది.

ఇక కష్టం చెబుతాను. మీ జానెడు సందు ఉంది చూశారా, మొన్నటి వానకు అది కాలువైంది. మా స్లాబు అంచు నుంచి నీళ్లు సరిగ్గా ఆ సందులోకే పడుతున్నాయి. ఇదివరకు ఆ నీళ్లు పెరట్లోకి జారిపోయేవి. ఇప్పుడు అవతల మీ గచ్చు ఎత్తుగా ఉంది, ఇవతల మా గడప ఉంది, నీళ్లకు దారి లేక వంటింట్లోకి వచ్చేశాయి. బియ్యం డబ్బాలు ఎత్తిపెట్టి, పొయ్యి ముందు చీపురుతో నీళ్లు తోస్తూ కరుణ ఒకటే లొల్లి. "మీ అత్త అల్లుళ్ల పంతానికి నా వంటిల్లు మునుగుతున్నది. ఎవలో ఒకలు తగ్గుండ్రి" అంది. తర్వాత ఆమే సందు పొడుగునా రేకు ముక్కలు నిలబెట్టి నీళ్లు పక్కకు మళ్లించింది కానీ సగమే ఆగుతున్నాయి.

ఒక్క సన్నటి రేకు మా గోడలోంచి మీ కప్పు మీదికి వేస్తే ఈ గొడవ తీరిపోతుంది. మీరు సరేనంటేనే వేయిస్తాను. మీకు మాటిచ్చాను కాబట్టి మీరు చెప్పకుండా గోడకు మేకు కూడా కొట్టను.

పొద్దున్నే మంచు కనబడుతోంది. మంచానికి కొత్త నవారు అల్లించాను.

మీ అల్లుడు
వీరేందర్


మిర్యాలగూడ,
కార్తీకం.

అల్లుడు గారికి,

గోడకు ఆనించవద్దు. నీళ్ల సంగతి వచ్చి నేను చూసుకుంటాను.

నాలుగు రోజుల కింద దమ్ము ఎక్కువై పుష్పాబాయి ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది. మీకు ఫోన్ చేస్తానంటే నేనే వద్దన్నాను. ఆమెను ఏమీ అనకండి. రెండు సూదులు ఇచ్చి పంపారు. ఆ గదిలోకి మళ్లీ అడుగుపెట్టగానే భయమేసింది. భయమని ఎవరికీ చెప్పలేదు, మీకు రాస్తున్నాను.

ఆదివారం బస్సుకు వస్తాను. చలికాలం వరకే. గదికి తాళం వేసి, చెవి పుష్పాబాయికి ఇచ్చి వస్తున్నాను.

ఆండాలు


సూర్యాపేట,
మన వంటింట్లోంచి.

ప్రియమైన అత్తమ్మ గారికి,

మీరు అక్కడ సందుకు అవతల దోమతెరలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. నేను ఇక్కడ గడపకు ఇవతల పీట మీద కూర్చుని మీకు ఉత్తరం రాస్తున్నాను. దీన్ని కరుణ తెచ్చి ఇస్తుంది. తపాలా బిళ్ల అక్కర్లేని ఉత్తరం రాస్తున్నది ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

మీరు వచ్చి నెల దాటింది. నేను మాత్రం మీ కప్పు కిందికి ఒక్కసారి కూడా రాలేదు, పిలవని పేరంటానికి వచ్చినట్టుంటుందని. గడప దగ్గరే నిలబడి చూస్తాను. మీరు వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నారని మొదటిసారి చూసిన రోజు కరుణ ఏడ్చేసింది. ఆమెకు ఊహ తెలిశాక మీరు అట్లా పడుకోవడం చూడలేదట. నేను చేసిన పనులన్నింటిలోకీ నాకు బాగా నచ్చింది ఈ కప్పే.

చలి తగ్గగానే మిర్యాలగూడ వెళ్లిపోతానని నిన్న మీరు కరుణతో అన్నారట. ఆమె రాత్రి అన్నం తినలేదు. అత్తమ్మా, మీరు వెళ్లవద్దు. ఇది కరుణ రాయమన్న మాట కాదు, నా మాట. ఆ గదిలోకి మళ్లీ వెళ్తే వచ్చే చలికాలానికి మీరు మాకు దక్కరు. కప్పు మీదే, స్తంభాలు మీవే, గోడ సంగతి మళ్లీ ఎత్తను. ఉండండి చాలు.

రేపు మేం ముగ్గురం కోదాడ వెళ్తున్నాం, మా అక్క కూతురి పెళ్లి. మిమ్మల్నీ రమ్మంటే దుమ్ములో ప్రయాణం వద్దన్నారు కాబట్టి బలవంతం చేయడం లేదు. మూడు రోజుల్లో వచ్చేస్తాం. సందులో ఇటుకలు వేసి ఉంచాను, వాన పడితే వాటి మీద అడుగు వేసి వంటింట్లోకి వెళ్లండి. జారతారు, జాగ్రత్త.

మీ అల్లుడు
వీరేందర్


సూర్యాపేట.

వీరేందర్‌కు,

ఈ ఉత్తరం పరశురాములు చేతికి ఇచ్చి పంపుతున్నాను. ఏదో సామానుకు కోదాడకే వస్తున్నాడట. పెళ్లి పందిట్లో అతన్ని చూసి భయపడకండి, ఇల్లు కూలలేదు.

మీరు వెళ్లిన మర్నాడు పొద్దున్నే ఒకామె వచ్చింది. కోదాడ నుంచి బదిలీ మీద వచ్చిన టీచరమ్మట, వెంట భర్త ఉన్నాడు. ముందు తలుపుకు తాళం చూసి, ఇంటి పక్క దారిలోంచి పెరట్లోకి వచ్చారు. "ఆంటీ, ఇంటి ఓనర్లు లేరా అండీ? గది ఏదైనా అద్దెకుందేమోనని వచ్చాం" అంది. లేదన్నాను. ఆమె నా మంచం, నా చెంబు, పైన రేకులు అన్నీ చూసి, "మీరు దీనికెంత కడుతున్నారండీ?" అని అడిగింది.

"నేను కిరాయికి లేను. ఇది నా బిడ్డ ఇల్లు" అన్నాను.

ఆమె సందు వైపు చూసింది. "అయ్యో, ఏమీ అనుకోకండి. గోడకు కలపకుండా విడిగా కట్టారు కదా, అద్దెకిచ్చారేమో అనుకున్నానండీ" అంది. మంచి మనిషే, రెండుసార్లు క్షమించమంది. ఆమె తప్పేమీ లేదు. నాకే ఆ పూట ముద్ద దిగలేదు.

బిడ్డ ఇంట్లో కూర్చుని తింటోందని ఎవరూ అనకూడదనుకున్నాను. ఎవరూ అనడం లేదు, నిజమే. చూసినవాళ్లు కిరాయిదాన్నని అనుకుంటున్నారు. నా బిడ్డ గడపకు జానెడు దూరంలో నన్ను పరాయిదాన్ని చేసింది ఎవరు? మీరు కాదు, నేనే. ఈ నెలంతా కరుణ నాకు కూర వేసేటప్పుడు మీ ముఖం చూస్తుందేమోనని దొంగలాగా కనిపెట్టుకుని ఉన్నాను. అది మీ వైపు చూడటమే లేదు. నా ముఖం చూస్తోంది. అమ్మ ఇంకెన్నాళ్లు ఉంటుందోనని చూస్తోంది. చినుకుల్లో చేయి అడ్డం పెట్టుకుని ఆ సందు దాటి రొట్టెలు తెచ్చిన ప్రతిసారీ అదే చూపు. ఆ చూపు దానికి రాకూడదని ఇంత చేసి, నేనే తెచ్చిపెట్టాను.

మధ్యాహ్నం పరశురాములుకు ఫోన్ చేశాను. సన్నటి రేకు, డ్రిల్లు తీసుకుని వచ్చాడు. నిచ్చెన ఎక్కి, మళ్లీ దిగాడు. "ఓనర్ సారు లేడు కదమ్మా. పరాయోళ్ల గోడకు బొక్క కొట్టాల్నంటే ఆయన చెప్పాలె" అన్నాడు.

"పరాయోళ్లు ఎవలు? ఇది నా గోడనే. కొట్టు" అన్నాను.

కొట్టాడు. ఇటుక పొడి నా మీద పడింది, దగ్గు కూడా వచ్చింది, నిచ్చెన పట్టుకుని అక్కడే నిలబడ్డాను. రేకు గోడలోకి దిగి కప్పు మీదికి వచ్చింది. సందులో గచ్చు కూడా పోయమన్నాను, కొంచెం వాలు పెట్టి పోశాడు. సాయంత్రం తుంపర పడింది. వంటింట్లోంచి నా మంచం దాకా తడవకుండా నడిచాను. ఊరికే మళ్లీ వెనక్కి నడిచాను.

ఇక మీరు ఉత్తరాలు రాయనక్కర్లేదు. వచ్చి ఇక్కడే కుర్చీ వేసుకుని కూర్చోండి, మాట్లాడతాను. మొదట్లో తిడుతున్నట్టు వినిపిస్తే అలవాటు లేకపోవడం వల్లనుకోండి.

ఒక పని చేసిపెట్టాలి. కోదాడ నుంచి నేరుగా రాకండి, మిర్యాలగూడ మీదుగా రండి. గది ఖాళీ చేస్తున్నానని ఇంటాయనకు చెప్పమని పుష్పాబాయికి ఫోన్ చేశాను. మళ్లీ ఏడ్చింది. నా ఇనుప పెట్టె ఆమె దగ్గర ఉంటుంది, బరువుంది, మీరే మోయాలి. మంచం కింద గిన్నెలు, గోడ గూట్లో మందుల సంచి, మూలన చాప, అన్నీ తీసుకుని రండి. ఆ గదిలో నాది ఒక్క చెంచా కూడా మిగలకూడదు.

అత్తమ్మ